ఫోన్ నెంబరు గడిలో ఎనిమిది

కంప్యూటరు ముందు చెప్పులు విడిచి నిలబడే రోజులు మా పల్నాడులో నిజంగానే ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నరసరావుపేటలో నేను పనిచేసిన గది గుమ్మం మీద 'పాదరక్షలు బయట విడువవలెను' అని ఎర్ర అక్షరాలతో రాయించిన బోర్డు ఉండేది. మాచర్ల నుంచి వచ్చిన పెద్ద రైతయినా, పిడుగురాళ్ల నుంచి వచ్చిన సున్నం బట్టీ యజమానైనా దాన్ని కూడబలుక్కుని చదివి, కండువా సర్దుకుని, చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్లు. లోపల యంత్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన తెల్లటి తుండు కప్పి ఉంచేవాళ్లం. (మా మనవరాలు ఇప్పుడు అదే జాతి యంత్రాన్ని పొట్ట మీద పెట్టుకుని, దాని మీదే జంతికలు తింటుంది.) అంత మర్యాద జరిగే వస్తువు పక్కన కూర్చున్నవాడికి ఆ మర్యాద కొంతైనా అంటుకోకుండా ఉండదు. నాకు కొంత కాదు, మొత్తం అంటుకుంది. నా వయసు ఇరవై మూడు, చదివింది గుంటూరులో మూడు నెలల కోర్సు, జేబులో మూడు రంగుల పెన్ను. ఈ సంపత్తితో పల్నాడు మొత్తానికి విజ్ఞానశాస్త్రం తరఫున నేనే ప్రతినిధినని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం ఎట్లా వదిలిందో చెప్పడానికే ఇదంతా.

ఆ ఆఫీసు మా బాబాయిది, అంటే మా నాన్నకి పినతల్లి కొడుకుది. పెళ్లి సంబంధాలు కుదిర్చే ఆఫీసు. ఊళ్లో ఆయన్ని అందరూ ముహూర్తం బాబాయి అనేవాళ్లు. పంచాంగం చూడకుండా గోళ్లు కూడా కత్తిరించుకోడని పేరు. ఇరవయ్యేళ్ల పాటు పొడుగాటి నోటు పుస్తకాల్లో సంబంధాలు రాసుకుంటూ వచ్చిన ఆయనకి ఎనభైల చివర్లో హఠాత్తుగా కాలంతో పాటు నడవాలనిపించింది. గుంటూరులో ఎవరో ఆఫీసువాళ్లు వదిలించుకుంటున్న పాత కంప్యూటరొకటి తెచ్చాడు. దాన్ని బిగించి పలికించింది నేను కాదు, మా ఆఫీసు కింద రేడియోలు బాగుచేసే భాయ్. ఆయన్ని రేడియో భాయ్ అనే అందరూ పిలిచేవాళ్లు. "రేడియో అయినా, ఇదైనా లోపల తిరిగేది కరెంటే గదా తమ్ముడూ" అంటూ ఆయన స్క్రూడ్రైవరు పుచ్చుకుని మూత ఎత్తినప్పుడు, మూడు నెలల పండితుణ్నైన నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. పేలితే కళ్లజోడుకి దెబ్బ తగులుతుందని నా భయం. ఆయన దుమ్ము దులిపి, రెండు వైర్లు మార్చి, తెర మీద పచ్చటి అక్షరాలు తెప్పించి, చేతులు తుడుచుకుని కిందికి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లకి మాత్రం బాబాయి నన్నే చూపించి "మా అబ్బాయే, ఇంజనీరు" అనేవాడు. నేను కాదనేవాణ్ని కాదు.

ఆ ప్రోగ్రాంలో ఒక్కో మనిషి వివరాలు రాయడానికి ముప్పై రెండు గడులు మాత్రమే ఉండేవి. పేరు, ఊరు, గోత్రం, నక్షత్రం, చదువు, ఎత్తు, ఇలాగ. ఆ గడుల వరస నేను సొంతంగా ఆలోచించి పెట్టింది కాదు. కోర్సులో నేర్పిన నమూనా ఫైలు ఎలా ఉందో అలాగే దింపేశాను, అందులో ఉన్న ఫోన్ నెంబరు గడితో సహా. మా లిస్టులో ఉన్నవాళ్లలో ఫోను ఉన్న ఇల్లు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ గడి తీసేద్దామంటే ఆ పాత ప్రోగ్రాంలో ఒక దుర్గుణం ఉంది. గడుల వరస మార్చారంటే అప్పటిదాకా ఎక్కించిన మనుషులందర్నీ చెరిపేస్తుంది. అందుకని ఆ గడి అట్లాగే ఖాళీగా పడి ఉండేది. దాన్ని మొదట గమనించింది మా పిన్ని.

పిన్ని అంటే బాబాయి భార్య, ఆఫీసు వెనక గదుల్లోనే వాళ్ల కాపురం. ఆఫీసు నడిపేది బాబాయే గాని, ఆఫీసుకి బుర్ర మాత్రం ఆవిడది. గురజాల నుంచి అచ్చంపేట దాకా ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఆవిడకి తెలుసు. ఎట్లా తెలుసో మాత్రం ఆవిడకే తెలుసు. పెళ్లికొడుకు తండ్రి వచ్చి, తన కొడుకు బుద్ధిమంతుడని చెప్పి వెళ్లగానే పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి "బుద్ధిమంతుడా వాడు? రోజూ తాగుడేగా" అనేది. ఈ సమాచారం ఎక్కడో రాసుకోవాలి. మాటల్లో రాస్తే, మర్నాడు వాళ్ల మేనమామ వచ్చి నా భుజం మీంచి తెరలోకి తొంగి చూస్తాడు. "ఆ ఫోను గళ్లో అంకెలు కొట్టరా అబ్బాయా, అంకెలైతే ఎవుడికీ అనుమానం రాదు" అంది పిన్ని. అలా ఒక పద్ధతి ఏర్పడింది. ఒకటి అంటే పేకాట. రెండు ముక్కుమీద కోపం. మూడు మందు. నాలుగు, తల్లి గయ్యాళి. అయిదు, ఉద్యోగం చెప్పుకున్నంత లేదు. ఆరు, వయసు తగ్గించి చెప్పారు. ఏడు, ఫొటో పాతది. ఎనిమిది, అన్నీ తనకే తెలుసనుకుంటాడు. తొమ్మిది, ఇంకా ఆరా తీయాలి. సున్నా అంటే ఏ వంకా లేని మనిషి. ఆ సున్నా కొట్టే అవకాశం నాకు రెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఎవరైనా ఫలానా సంబంధం ఎలా ఉందని అడిగితే, బాబాయి ఆ గడి వైపు ఓరగా చూసి "నక్షత్రాలు కలవట్లేదు, కంప్యూటరు వద్దంటోంది" అనేవాడు. కంప్యూటరు ఇంత ఖచ్చితంగా ఎలా చెబుతుందో అని జనం ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. ఆ కంప్యూటరు లోపల వంటింట్లో పులుసు పెడుతోందని వాళ్లకి తెలియదు.

ఇట్లా సాగుతుండగా గురజాల నుంచి ఒక హెడ్మాస్టరు గారు వచ్చి తన కూతురి పేరు రాయించారు. లెక్కల్లో డిగ్రీ చేసి, అక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. వివరాలు ఎక్కించింది నేనే, ఫొటోకి గుండుసూది గుచ్చి ఫైల్లో పెట్టిందీ నేనే. పెట్టిన తరవాత ఆ ఫైలు రోజుకి నాలుగుసార్లు తీసి, ఫొటో సరిగా గుచ్చానో లేదో చూసుకున్నాను. పిన్ని ఇది కనిపెట్టకుండా ఉంటుందా! బాబాయితో చెప్పింది, బాబాయి నా పేరు పెళ్లికొడుకుల ఫైల్లో ఎక్కించమన్నాడు. ఉద్యోగం దగ్గర 'కంప్యూటర్ ఇంజనీరు' అని కొడుతుంటే పిన్ని వెనక నిలబడి చూస్తోంది.

"ఇంజనీరేందిరా? మూడు నెల్ల చదువుకి? అయిదు కొట్టు" అంది.

"నాకెందుకు పిన్నీ అంకె?"

"అందరికీ ఉన్నట్టే నీకూ ఉంటది. అయిదు కొట్టు. పక్కన ఎనిమిది కూడా కొట్టు."

పద్ధతి అంటే పద్ధతే కదా అని నా పేరు పక్కన యాభై ఎనిమిది కొట్టుకున్నాను. హెడ్మాస్టరు గారికి బాబాయి కబురు పంపితే, సంబంధం బాగానే ఉంది, వచ్చే నెలలో వచ్చి అబ్బాయి పనిచేసే చోటు చూస్తామన్నారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. పచ్చటి అక్షరాలూ, పసుపు రాసిన పాత డబ్బా చూపించి ఆ అమ్మాయిని మెప్పించగలనా అని ఒకటే దిగులు. సరిగ్గా అప్పుడే మా కోర్సు సారు దగ్గర కొత్త ప్రోగ్రాం వచ్చిందని తెలిసి గుంటూరు వెళ్లి రెండు ఫ్లాపీల్లో పట్టుకొచ్చాను. కొత్తదాంట్లో నూట ఇరవై ఎనిమిది గడులు. పుట్టిన తేదీని తేదీగానే గుర్తుపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గీతలు కొట్టి, గళ్లు కట్టి లిస్టు దానంతటదే అచ్చు వేస్తుంది. ఒకటే చిక్కు. పాత ఫైళ్లని అది ఉన్నవి ఉన్నట్టు చదవదు. ముందు వాటిని కొత్త పద్ధతిలోకి మార్చాలి, మార్చాక వాటిని పాత ప్రోగ్రాం గుర్తుపట్టదు. మార్చాలా వద్దా అన్నది తేల్చడానికి సభ జరిగింది.

సభ అంటే నలుగురం. బాబాయి, పిన్ని, రేడియో భాయ్, నేను. మధ్యలో పళ్లెంలో పకోడీలు. నేను లేచి నిలబడి ప్రసంగం మొదలుపెట్టాను. (కూర్చుని చెప్పినా వినపడే గదే అది.) భవిష్యత్తు గురించీ, ప్రగతి గురించీ, ఇరవై ఒకటో శతాబ్దం గురించీ చెప్పాను. ఇరవై ఒకటో శతాబ్దంలో పల్నాటి పెళ్లికొడుకులకి ముప్పై రెండు గడులు చాలవన్నాను.

"ఇప్పుడున్న ముప్పై రెండులో పది ఖాళీగా ఉన్నయ్యి గదా తమ్ముడూ, ఇంక నూట ఇరవై ఎనిమిదితో ఏం చేస్తావు?" అన్నాడు భాయ్ పకోడీ నములుతూ.

నేను ఆయన వైపు జాలిగా చూశాను. రేడియోలు బాగుచేసుకునే మనిషి, ఇంతకంటే ఏం అడుగుతాడని.

"ఉన్నది బానే పనిచేస్తుంది. నడిచే బండికి ఇంజను మారుస్తానంటన్నావ్. మారుస్తే మార్చు. పాతదాని కాపీ మాత్రం తీసి నాకియ్యి, షాపులో రేకుడబ్బాలో పెట్టుకుంటా" అన్నాడాయన.

"కాపీ ఎందుకు భాయ్? వెనక్కి పోయే ప్రసక్తే లేదు" అన్నాను.

"నువ్వు పోవులే. నేను పోతా. ఇయ్యి."

ముసలాడి చాదస్తం అనుకుని కాపీ తీసి ఇచ్చాను. (ఆయనకి అప్పుడు నలభై రెండేళ్లు.) బాబాయికి గడులతో పని లేదు. గుంటూరులో ఇంకో పెళ్లిసంబంధాల ఆఫీసు వాళ్ల లిస్టుకి చుట్టూ గీతలున్నాయని, తనదానికి లేవని మూడు నెలలుగా కుమిలిపోతున్నాడు. "మనదానికి కూడా గీతలొచ్చినయ్యంటే చాలురా అబ్బాయ్" అన్నాడు. ఇక పిన్ని మిగిలింది. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మరి నా అంకెలో? అయ్యి పోతాయా?"

"పిన్నీ! ఒక్క అంకె కూడా పోదు. నాదీ పూచీ. ఉన్నది ఉన్నట్టు మొత్తం వస్తుంది" అన్నాను గుండె మీద చెయ్యి వేసుకుని. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన వాగ్దానాలన్నిటిలో అక్షరాలా నెరవేరింది అదొక్కటే.

బాబాయి పంచాంగం తీసి శుక్రవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకి ముహూర్తం పెట్టాడు. ఫైళ్ల మార్పిడికే కాదు, పెళ్లికొడుకుల లిస్టు అచ్చుకీ, దాన్ని ఆడపిల్లల తండ్రులకి పోస్టు చేయడానికీ అన్నిటికీ కలిపి అదే ముహూర్తం. పన్నెండున్నర దాటితే దుర్ముహూర్తం, ఆ లోపల కవర్లు పోస్టు డబ్బాలో పడాలి. శుక్రవారం పొద్దున యంత్రానికి కొత్తగా పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. హారతి పళ్లెం ఫ్లాపీల మీదుగా తిప్పుతుంటే నా ప్రాణం పోయినంత పనయింది. పది పన్నెండుకి మీట నొక్కాను. ఫ్లాపీ కిర్రుకిర్రుమని తిరగడం మొదలుపెట్టింది. పది నలభైకి కరెంటు పోతుందేమోనని బాబాయి ఫ్యాను వైపే చూస్తూ ఏదో స్తోత్రం చదువుతున్నాడు. కరెంటు పోలేదు. పదకొండుకి మార్పిడి అయిపోయింది. తెరిచి చూస్తే అందరూ ఉన్నారు, అన్ని గడులూ ఉన్నాయి. పిన్నికి ఆవిడ అంకెలు చూపించాను. "మాట నిలబెట్టుకున్నావురా" అని నా తల నిమిరింది.

ఆ వెంటనే లిస్టు అచ్చు వేశాను. గీతలొచ్చాయి. గళ్లొచ్చాయి. బాబాయి ఆ కాగితాన్ని వెలుతురులో ఎత్తి పట్టుకుని గీతల వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడే కళ్లజోడు కూడా తీశాడు, మళ్లీ పెట్టుకోలేదు. నేను నా పేరున్న వరస మాత్రం చూసుకున్నాను, అదీ 'కంప్యూటర్ ఇంజనీరు' అన్న మాట ఎంత తీరుగా పడిందోనని. అప్పటికే పదకొండు ముప్పావు. దుర్ముహూర్తం ముంచుకొస్తోంది. బాబాయి తొందర పెడుతుంటే జిరాక్సు షాపుకి పరిగెత్తి, అరవై కాపీలు తీయించి, కవర్లలో కుక్కి, పన్నెండు ఇరవైకి పోస్టు డబ్బాలో వేసి ఊపిరి పీల్చుకున్నాను. పాత ప్రోగ్రాంలో లిస్టు అచ్చు వేసేటప్పుడు ఏ గడులు కావాలో నేనే ఒక్కొక్కటీ చెప్పాలి గనక ఫోను గడి ఎప్పుడూ వదిలేసేవాణ్ని. కొత్తది తెలివైనది. అడక్కుండానే అన్ని గడులూ అచ్చు వేసింది. పెళ్లికొడుకుల లిస్టు అరవై కాపీలు, ప్రతి పేరు పక్కనా పైన 'ఫోన్' అని శీర్షిక, కింద పిన్ని అంకె.

ఈ సంగతి మాకు సోమవారం దాకా తెలియదు. సోమవారం పొద్దున పిడుగురాళ్ల నుంచి సున్నం బట్టీ ఆయన వచ్చాడు. ఆయన చెప్పులు విడవలేదు. అప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది. ఆయన కుర్చీలో కూలబడి, లిస్టు బల్ల మీద పరిచి, ఒక పేరు మీద వేలు పెట్టాడు. మాచర్ల అబ్బాయి. ఫోన్ ముప్పై ఆరు. (ఆ రోజుల్లో చిన్న ఊళ్లలో ఫోను నెంబర్లు రెండంకెలే ఉండేవి. లేకపోతే ఇంత కథ జరిగేది కాదు.)

"ఫోనుందంటే పెద్దింటోళ్లే అనుకున్నా. పోస్టాఫీసుకి పోయి మాచర్ల ముప్పై ఆరుకి ట్రంకాలు బుక్ చేశా. మూడు గంటలు కూకున్నా. తగిలింది. ఫలానా అబ్బాయి ఇల్లేనా అన్నా. ఇల్లు కాదండీ, బ్రాందీ షాపు అన్నాడు."

బాబాయి మొహంలో రక్తం లేదు. లేని ధైర్యం తెచ్చుకుని, నెంబరు తప్పు పడినట్టుందండీ అన్నాడు.

"తప్పేంది! ఆ అబ్బాయి నీకు తెల్సా అని షాపాయన్ని అడిగా. ఎందుకు తెలవదండీ, రోజూ సాయంత్రం ఆరింటికల్లా వస్తాడు, చానా మంచోడు, పక్కనోడికి కూడా పోయిస్తాడు అన్నాడు. వయసెంత ఉంటది అన్నా. నాకంటే రెండేళ్లు పెద్దోడు, నాకు ముప్పై నాలుగు అన్నాడు. మీరేమో లిస్టులో ఇరవై ఎనిమిది అని రాసిచ్చారు. నాకర్థం కానిది ఒకటే. వాడు దొరికే చోటి నెంబరు ఇంత కరెట్టుగా మీకెట్టా తెలిసింది?"

మూడూ ఆరూ. మందు, తగ్గించిన వయసు. నేను లిస్టు వైపు చూశాను, బాబాయి నా వైపు చూశాడు, పిన్ని వంటింటి గుమ్మంలోంచి ఇద్దరి వైపూ చూసింది. ఆ నిమిషంలో నాకు జరిగిందేమిటో పూర్తిగా అర్థమైంది. అర్థమైన మరుక్షణం గుర్తొచ్చింది మాత్రం మాచర్ల అబ్బాయి కాదు. ఆ అరవై కవర్లలో ఒకటి గురజాల హెడ్మాస్టరు గారికి వెళ్లిందని, అందులో నా పేరు పక్కన యాభై ఎనిమిది ఉందని. 

ఆ వారమంతా మా ఆఫీసు ఎలా ఉందో చెప్పనక్కర్లేదు. ఒకాయన ట్రంకాలు బుక్ చేస్తే పోలీసు స్టేషను తగిలింది, వాళ్లు ముందు ఈయన వివరాలు రాసుకున్నారు. ఇంకొకాయనకి పశువుల ఆసుపత్రి తగిలింది. పెళ్లికొడుకుల తండ్రులు, మాకు లేని ఫోను ఉందని ఎందుకు వేశారని ఒంటికాలి మీద లేచారు. బాబాయి మంచం ఎక్కి, "పాతదానికి పొమ్మను, గీతలొద్దు ఏమొద్దు, పాతదానికి పొమ్మను" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మార్చాక వెనక్కి పోవడం కుదరదని నేనే చెప్పాను కదా. తలొంచుకుని మెట్లు దిగి కింద రేడియో షాపు ముందు నిలబడ్డాను. భాయ్ నన్ను చూసి పైకి లేచి, రేకుడబ్బా మూత తీసి, వాల్వుల కింద నుంచి ఆ ఫ్లాపీ తీసి నా చేతిలో పెట్టాడు. "టీ తాగుతావా తమ్ముడూ?" అన్నాడంతే. ఆయన ఆ రోజు ఒక్క మాట దెప్పినా నేను ఇంత కాలం గుర్తుపెట్టుకునేవాణ్ని కాదేమో. 

శనివారం హెడ్మాస్టరు గారు వచ్చారు. ఒక్కరే కాదు, కూతుర్ని కూడా తీసుకొచ్చారు. ఫొటో పాతదేం కాదు. ఇద్దరూ చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నారు. కంప్యూటరు చూపిద్దామంటే కరెంటు లేదు. (శుక్రవారం పోని కరెంటు శనివారం పోయింది. బాబాయి ముహూర్తాల మీద నాకింకా గౌరవం ఉందంటే ఇందుకే.) ఆ అమ్మాయి సంచిలోంచి మా లిస్టు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టి ఉన్నాయి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు.

"ఇయ్యి ఫోన్ నెంబర్లు కాదు గదండీ" అంది.

నేను లిస్టు నా వైపు తిప్పుకున్నాను.

"గురజాల వైపు వాళ్లు ఇందులో తొమ్మిది మంది ఉన్నారు. అందరూ నాకు తెలుసు. మూడు ఎవరికుందో వాళ్లంతా తాగుతారు. నాలుగున్న ముగ్గురి ఇళ్లలోనూ వాళ్లమ్మకి ఊరంతా భయపడుద్ది. ఒకటి పేకాట. రెండు రోజులు కూర్చుంటే అన్నీ తేలినయ్యి. అయిదు దగ్గర కొంచెం అనుమానం. ఎనిమిది మాత్రం అసలు తేలలేదు. ఎందుకంటే లిస్టు మొత్తంలో ఎనిమిది ఒక్కరికే ఉంది." ఆగి, నా వైపు చూసింది. "మీకే. ఎనిమిదంటే ఏంది?"

 బాబాయి పైకప్పు వైపు చూస్తున్నాడు. పిన్ని వంటింట్లోకి జారుకుంది. పుట్టిన తేదీ అని చెబుదామా, అదృష్ట సంఖ్య అని చెబుదామా అని నా బుర్ర పరిపరివిధాల పోయింది. చక్కటి అబద్ధాలు నాలుగు తయారయ్యాయి కూడా. కానీ రెండు రోజులు కూర్చుని ఆ లిస్టంతా విప్పిన మనిషి కళ్లలోకి చూస్తూ అబద్ధమాడితే, అది తెలిసిపోవడానికి ఇంకో రెండు రోజులు చాలనిపించింది. అన్నిటికంటే, ఆవిడ దగ్గర అబద్ధమాడాలనిపించలేదు.

"అన్నీ తనకే తెలుసనుకునేవాడని" అన్నాను.

"అయిదు?"

"ఉద్యోగం చెప్పుకున్నంత లేదని. నేను ఇంజనీరుని కాదండీ. మూడు నెలల కోర్సు చేశాను. కంప్యూటరు బాగుచేసేది కూడా నేను కాదు, కింద భాయ్."

హెడ్మాస్టరు గారు దగ్గి, కండువా సర్దుకుని లేచారు. "వస్తాం బాబూ" అన్నారు. అలా అన్నారంటే రారని అర్థం. వాళ్లు గుమ్మం దాటారు. వెనకాలే నేనూ వెళ్లాను, ఎందుకు వెళ్లానో తెలియదు. ఆయన మెట్లు దిగుతున్నారు. ఆ అమ్మాయి బోర్డు కింద వంగి చెప్పులు వేసుకుంటూ అడిగింది.

"మీ పేరు పక్కన ఆ అంకెలు కొట్టిందెవరు?"

"నేనే."

"లిస్టు పంపేముందు మీవి తీసెయ్యొచ్చు గదా?"

"తట్టలేదండీ" అన్నాను. అది నిజం. ఆ లిస్టు పంపే దాకా ఇరవై ఒకటో శతాబ్దం గురించి ప్రసంగాలు చేసినవాడికి ఆ చిన్న సంగతి తట్టలేదు. ఆవిడ నవ్వు ఆపుకుంటున్నట్టు అనిపించింది. ఏడుపు ఆపుకుంటున్న నాకు సరిగా కనపడలేదు.

తర్వాత పది రోజులూ నేను మళ్లీ పాత ప్రోగ్రాం పెట్టుకుని, పాత ఫ్లాపీ తిప్పుకుంటూ, పచ్చటి అక్షరాల ముందు బతికాను. ఆఫీసు మూతపడుతుందనే అనుకున్నాం. కానీ మా పల్నాటి జనం సంగతి మేము తక్కువ అంచనా వేశాం. అంకెల గుట్టు ఎలా పొక్కిందో గాని (గురజాల నుంచే అని నా అనుమానం, పైకి మాత్రం అనలేదు) ముందు వారం కర్రలతో వచ్చినవాళ్లే మరుసటి వారం చెప్పులు విడిచి వచ్చి, బాబాయి చెవి దగ్గర "మా సంగతి వదిలెయ్యండి, ఆ సత్తెనపల్లి సంబంధానికి అంకెంత?" అని అడగడం మొదలుపెట్టారు. సున్నం బట్టీ ఆయనైతే అంకె చూడకుండా ఏ సంబంధం గడప తొక్కనని ఒట్టేసుకున్నాడు. పిన్నికి ఇక వంటింట్లో ఉండాల్సిన అవసరం లేకపోయింది, నా పక్కనే ఒక కుర్చీ వేయించుకుంది. చెప్పులు విడవడం ఎవరి గౌరవార్థమో ఆ తరవాత ఎవరికీ సందేహం లేదు.

పదకొండో రోజు కార్డు వచ్చింది. హెడ్మాస్టరు గారి దస్తూరీ, మాటలు పొదుపు చేసి రాసినట్టు చిన్న చిన్న వాక్యాలు. 'అమ్మాయికి సమ్మతమే. ఎనిమిది సంగతి తాను చూసుకుంటానంటున్నది. అయిదు సంగతి నీవు చూసుకోవలెను.' ఆ కార్డు నేను కింద రేడియో షాపులో నిలబడి చదివాను. భాయ్ చేతిలోంచి టీ గ్లాసు లాక్కుని తాగేశాను. అయిదు చెరుపుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. సాయంత్రాలు భాయ్ దగ్గర కూర్చుని యంత్రం మూత ఎత్తడం నేర్చుకున్నాను, రాత్రుళ్లు చదివి పరీక్షలు రాసి, నిజమైన ఉద్యోగం ఒకటి తెచ్చుకున్నాను. ఎనిమిది సంగతి తాను చూసుకుంటానన్న మనిషి ఇన్నేళ్లుగా చూసుకుంటూనే ఉంది. నాకు తెలిసి పెద్దగా తగ్గలేదు. నేను ఏ విషయం మీదైనా గొంతు సవరించుకోగానే, ఆవిడ వంట గదిలోంచి "ఎనిమిదీ..." అని రాగం తీస్తుంది. పిల్లలు చిన్నప్పుడు అది నా ముద్దుపేరనుకున్నారు.

ఆవిడకి ఒక కోరిక మాత్రం తీరలేదు. పెళ్లికూతుళ్ల ఫైలు ఆ గందరగోళంలో అచ్చు కాలేదు కదా. అందులో తన పేరు పక్కన పిన్ని ఏ అంకె వేయించిందో తెలుసుకోవాలని ముప్పై అయిదేళ్లుగా అడుగుతోంది. పిన్ని చెప్పకుండానే పోయింది. భాయ్ ఇచ్చిన ఆ ఫ్లాపీ మా బీరువాలో పట్టుచీరల కింద ఇప్పటికీ ఉంది. మొన్న మనవరాలు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేమిటి తాతయ్యా, విసనకర్రా అని అడిగింది. ఆవిడ వెంటనే అందుకుంది.

"చెప్పండి, ఇప్పుడైనా చెప్పండి. నా నెంబరెంత?"

"చెప్పడానికేముంది, ఫ్లాపీలో ఉంది. అది పాత పద్ధతి ఫైలు, ఇప్పుడు దాన్ని తెరిచే యంత్రమే లేదు. ఆ రోజు కొత్తదాంట్లోనే ఉండనిచ్చి ఉంటే చూసుకునేదానివి" అన్నాను.

"మీకు గుర్తుండే ఉంటది. మీరే గదా కొట్టింది."

"ముప్పై అయిదేళ్ల కిందటి మాట. నాకెక్కడ గుర్తుంటుంది?"

ఆవిడ నమ్మలేదు. నిజంగా గుర్తులేదా అంటే, మీకు చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు గాని, ఇది ఆవిడ కూడా చదువుతుంది. కాబట్టి ఇంతవరకే. అది ఒకే ఒక్క అంకె. నాకొచ్చిన రెండింట్లో ఒకటి. అయిదు మాత్రం కాదు.